గ్రైండరు కాలి కింద అండమాన్ రాయి

కోట్ల ఏళ్ళు చెక్కుచెదరకుండా బతికిన రాయిని పది నిమిషాల్లో మాయం చేసినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, మీ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు. సుత్తి వాడలేదు, మందుగుండు పెట్టలేదు. ఉత్తి చేత్తో, నాలుగు చుక్కలు నీళ్ళు పోసి, ప్రేమగా రుద్ది రుద్ది మాయం చేశాను. ఆ తరవాత జరిగింది ఇంకా ఘోరం. నవ్వండి, నవ్వండి, ఫర్వాలేదు! మా ఇంట్లో అప్పట్నుంచీ అదే పని.

నా ఉద్యోగం మీకు తెలిసిందే కదా. దువ్వాడ దగ్గర ఒక కాలేజీలో జియాలజీ ల్యాబ్ అసిస్టెంటుని. పిల్లలు తెచ్చిన రాళ్ళని రంపం మిషను మీద బిళ్ళలుగా కోసి, చిన్న గాజు పలక మీద అతికించి, వెలుతురు అవతలికి దూరిపోయేంత పల్చగా అరగదీయాలి. ఎంత పల్చగా అంటే, వెంట్రుకలో సగం మందం కూడా ఉండకూడదు. మిషను కొంతవరకే పనికొస్తుంది. ఆఖరి రుద్దుడు చేత్తోనే. పెద్ద గాజు మీద కార్బొరండం అనే గరుకు పొడి చల్లి, నీళ్ళు చిలకరించి, చందనం అరగదీసినట్టు గుండ్రంగా తిప్పుతూ పోవాలి. మధ్యమధ్యలో మైక్రోస్కోపు కింద పెట్టి చూసుకోవాలి. తెల్ల గింజలు పసుపు రంగులో కనిపిస్తే ఇంకా మందంగా ఉన్నట్టు. లేత బూడిద రంగుకి వచ్చాయా, అక్కడితో చెయ్యి ఆగిపోవాలి. ఆ తరవాత ఇంకో నాలుగు తిప్పులు తిప్పితే రాయి ఉండదు, గాజు మిగులుతుంది.

పదహారేళ్ళలో నా చేతిలో ఒక్క రాయి పోలేదు. గొప్ప చెప్పుకోవడం కాదు, నిజం. కానీ ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ పదహారేళ్ళలో ఏ రాయి గురించీ నేను తెలుసుకున్నది లేదు. గొట్టంలో కన్ను పెట్టడం, బూడిద రంగు వచ్చిందా, దింపెయ్యడం. పెళ్ళి వంటవాడు ఉప్పు చూస్తాడు గానీ పంక్తిలో కూర్చోడు కదా, నా బతుకూ అంతే.

ఈ కథకి కారణం ధనలక్ష్మి. మేమంతా ధనం అంటాం. జాలరిపేట పిల్ల, వాళ్ళ నాన్న బోటు మీద వేటకెళ్తాడు. ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం. వాళ్ళ మేనమామ అండమాన్‌లో స్థిరపడ్డాడు. మనవైపు వాళ్ళు అక్కడ సగం మంది ఉన్నారు కదా. సెలవుల్లో మన పోర్టులోనే ఓడెక్కి వెళ్ళి, మామ ఇంటి దగ్గర రోడ్డు కోసం కొండ తవ్విన చోట నిమ్మకాయంత రాయి ఒకటి ఏరుకుని, తువ్వాల్లో చుట్టుకుని, రోజుల తరబడి ఓడలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. అందులో సగం పరీక్షల కోసం పొడి చేసేశారు. మిగిలిన సగంలో బాదం గింజంత మచ్చ ఒకటి ఉంది. ఆ మచ్చలో ఏయే ఖనిజాలు ఉన్నాయన్న దాని మీదే ఆమె థీసిస్ మొత్తం నడుస్తుంది. శుక్రవారం వైవా. పాసైతే నెలాఖరుకల్లా సర్టిఫికెట్ చూపించి గనుల కంపెనీలో ఉద్యోగంలో చేరాలి. వైవా తప్పితే మళ్ళీ ఆర్నెల్లకి. అప్పటిదాకా ఆ ఉద్యోగం ఎవరు ఆపి ఉంచుతారు?

మంగళవారం నాడు ఆ బాదం మధ్యలోంచి రంపం పోనిచ్చాను. సగం బాదం ఉన్న బిళ్ళ స్లైడుకి అతికింది. గురువారం పొద్దున్న ఆఖరి రుద్దుడుకి కూర్చున్నాను. ధనం పక్కనే స్టూలేసుకుని కూర్చుంది.

"బాబాయ్, దీన్లో ఏటున్నాదో నీకు తెలుసా?" అంది.

"రాయున్నాది" అన్నాను.

నవ్వింది. "ఇది పుట్టినప్పుడు నల్లటి లావా బాబాయ్. సముద్రం అడుగున నేల పగిలి బయటికొచ్చీసింది. సల్లటి నీల్లు తగిలేసరికి దిండునాగ ఉబ్బి గట్టిపడిపోనాది. ఒకదాని మీద ఒకటి, పరుపుల బండి బోల్తా కొట్టినట్టు."

"సముద్రంలో దిండ్లా!" అన్నాను. చెయ్యి తిరుగుతోంది.

"అవును. లోపలున్న గాలి బుడగలేమో కన్నాలై మిగిలిపోనాయి. పైన మట్టి పడింది, మల్లీ లావా పడింది, ఇది కిందకి దిగిపోనాది. అక్కడ ఏడి తగిలింది. ఎంత ఏడనుకున్నావు?"

"ఏటో, మన స్టీలు ఫర్నేసంత ఉంటాదా?"

"అంతయితే కరిగిపోదేటి? మీ ఇంట్లో పోపు నూనెంత. ఆ మీద ఓ రవ్వ. అంతే బాబాయ్! కానీ లచ్చల ఏల్లు. ఆ ఏడిలో ఉప్పునీరు సందుల్లోంచి పాకీసి, రాయిని కరగనివ్వకండానే మార్చీసింది. నల్లది పచ్చగయిపోనాది. కన్నాల్లో కొత్త ఖనిజాలు పుట్టీసినాయి, ఈ బాదం అలగొచ్చిందే."

"కరక్కండానే?"

"కరక్కండానే. కూకున్నచోటే మారిపోనాది."

నాకు ఒళ్ళు జలదరించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, నిజంగానే జలదరించింది. పోపు నూనెంత వేడికి కొండలు రంగు మారతాయా? పదహారేళ్ళు ఇదే బల్ల దగ్గర కూర్చుని ఇలాంటి మాట ఒక్కసారైనా ఎవర్నీ అడగలేదే అని సిగ్గేసింది కూడా. ఇక ఆగలేకపోయాను.

"అదంతా సరేగానీ, అంతే ఏడని నీకెలగ తెలుసు? నువ్వెల్లి సెయ్యెట్టి సూసావా?"

ధనం కళ్ళు మెరిశాయి. "అక్కడే ఉన్నాది బాబాయ్ అసలు సంగతి! ఒక్క ఖనిజాన్ని సూసి ఏడి ఇంతని సెప్పీలేం. దాని పక్కన ఎవులెవులు కూకున్నారో సూడాలి. ప్రీనైట్ అని ఒకడు, పంపెల్లైట్ అని ఒకడు. ఈల్లిద్దరూ కలిసి కనిపించారంటే ఏడి ఇంత కన్నా తక్కువ కాదు, అంత కన్నా ఎక్కువ కాదు. ఏడి పెరిగిందనుకో, ఈల్లు లేచెల్లిపోయి ఎపిడోట్ లాంటోల్లు వచ్చి కూకుంటారు. తక్కువైతే జియోలైట్లు. ఏ బంతిలో ఎవులున్నారో సూసి, పొయ్యి ఎంత మండిందో సెప్పడమే మా పని."

ఎంత గొప్పగా ఉంది! భోజనాల బంతిలో కూర్చున్నవాళ్ళని చూసి పొయ్యి సంగతి చెప్పడం! నేను ఆ బంతిని, ఆ దిండ్లని, ఆ ఉప్పునీటిని తల్చుకుంటూ, ధనం మొహంలోకి చూస్తూ, చెయ్యి గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాను.

"బాబాయ్" అంది ధనం ఉన్నట్టుండి. "రాయేది?"

చెయ్యి ఎత్తి చూశాను. స్లైడు తళతళా మెరుస్తోంది. అద్దం! అందులోంచి నా అరచెయ్యి గీతలు కూడా కనపడుతున్నాయి. గాజు మీద మిగిలిన నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉన్నాయి. సముద్రం అడుగు, దిండ్లు, బాదం, మేనమామ రోడ్డు, ఓడ ప్రయాణం, అన్నీ ఆ చెంచాడు బురదలో ఉన్నాయి.

"నేదా?" అంది.

"నేదమ్మా" అన్నాను. పట్టించుకోకుండా చేసినన్నాళ్ళూ ఒక్క రాయి పోలేదు, పట్టించుకున్న మొదటి రోజే పోయింది. ఆ పిల్ల ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు. కాసేపు గాజు వంక చూసి, "రెండో బిళ్ళ ఉంటాది కదా బాబాయ్? బాదంలో సగం దాన్లో ఉండాల" అంది.

ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణంలో చచ్చుబడిపోయింది. ఎందుకంటే రెండో బిళ్ళ ల్యాబ్‌లో లేదు. కంచరపాలెంలో మా ఇంట్లో, గ్రైండరు కాలి కింద ఉంది.

ఏం చెయ్యమంటారు? మా ఆవిడ నూకరత్నం మా వీధిలో రెండు టిఫిన్ బళ్ళకి పిండి రుబ్బి ఇస్తుంది. వంటింట్లో నేల ఎత్తుపల్లాలు. గ్రైండరు ఊగుతోంది, ఊగుతోంది అని నెల రోజులుగా గోల. అట్ట మడిచి పెట్టినా, చెక్క పెట్టినా నిలవలేదు. ఆ సందు సరిగ్గా మూడు మిల్లీమీటర్లు. మందం చూడటంలో నా కన్ను తప్పదు. మంగళవారం నాడు చేతిలో ఉన్న ముక్క చూస్తే సరిగ్గా మూడు మిల్లీమీటర్లు! ఎంత సంబరపడ్డానో. చొక్కా జేబులో వేసుకుని తీసుకుపోయాను. మిగిలిపోయిన ముక్కలు ఇంటికి తీసుకెళ్ళడం నాకు మొదట్నుంచీ అలవాటు. మా ఇంట్లో మంచం కోళ్ళ కింద ఏ రాష్ట్రం రాళ్ళున్నాయో నాకే తెలీదు.

వెంటనే ఫోను చేశాను.

"ఏటండీ? బేగి సెప్పండి, పిండి తిరగతంది" అంది నూకరత్నం.

"గ్రైండరు కాలి కింద పచ్చ బిళ్ళ ఉన్నాదా?"

"ఉన్నాది. బలే కుదిరింది. పెల్లయిన కాడ్నించీ మీరు సేసిన పనుల్లో అదొక్కటే సక్కగా ఉన్నాది."

"అది తీసీ! కాదు కాదు, తియ్యకు! ముట్టుకోకు! అసలు గ్రైండరు ఆపీ!"

"ఆపితే నిండా పిండున్నాది, మల్లీ తిరగదు. ముందు మీరేటి కావాలో తేల్సుకోండి" అని ఫోను పెట్టేసింది.

స్కూటరు తీశాను. వెనకాల ధనం. కూర్మన్నపాలెం దాటేసరికి లారీలు, గాజువాకలో సిటీ బస్సులు, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఎటు చూసినా హారన్లు. ఆ గందరగోళంలో దూరంగా కొండలు కనపడుతుంటే నాకు కొత్త పిచ్చి పట్టుకుంది. వీటికి ఎంత వేడి తగిలిందో? వీటిలో ఎవరెవరు కూర్చున్నారో? రోజూ ఇదే దారిలో పోతూ ఆ కొండల్ని ఒక్కనాడూ తలెత్తి చూడలేదు. "బాబాయ్, రోడ్డు సూడు!" అని ధనం రెండుసార్లు అరిచింది.

ఇంటికి చేరేసరికి గ్రైండరు గర్రుమని తిరుగుతోంది. పెసరపిండి. పొంగి అంచు మీంచి కాలి మీదుగా కారుతోంది. ధనం ఎవరికీ చెప్పకుండా వంటింట్లోకి దూరి, నేల మీద బోర్లా పడుకుని, ఫోను లైటు వేసి గ్రైండరు కిందకి చూడటం మొదలెట్టింది.

"ఎవులీ పిల్ల? మా గ్రైండరు కింద ఏటెతుకుతంది?" అంది నూకరత్నం గరిటె పట్టుకుని.

"పిన్నీ, ఆ రాయి నాది. అండమాన్ది" అంది ధనం లేవకుండానే.

"రాయి కోసం దువ్వాడ నుంచి వచ్చీసారేటి? పెరట్లో బోల్డున్నాయి కదా తల్లీ, పట్టుకెల్లు!"

పిండి అయ్యేదాకా ఆపేది లేదంది. టిఫిన్ బళ్ళ వాళ్ళు నాలుగింటికల్లా వచ్చేస్తారు. మేమిద్దరం ఇరవై నిమిషాలు ఆ కాలి వంక చూస్తూ కూర్చున్నాం. గ్రైండరు తిరిగినప్పుడల్లా బిళ్ళ వణుకుతోంది. బిళ్ళ వణికినప్పుడల్లా ధనం గుటక మింగుతోంది. ఇంత బరువు కింద విరగదా అన్నాను. "సముద్రాన్నే మోసింది బాబాయ్, దీన్ని మొయ్యదా?" అంది గానీ, ఆ గొంతులో ధైర్యం లేదు.

మొత్తానికి పిండి దింపాం. గ్రైండరు పక్కకి ఒరిగిస్తే బిళ్ళ కాలికి అతుక్కుని వచ్చింది. విరగలేదు! బాదం అలాగే ఉంది, నడిమధ్య చిన్న కన్నంతో సహా. కుళాయి కింద ఒక్కసారి ఆడించి, తువ్వాలుతో తుడిచి, బయల్దేరబోతే నూకరత్నం గుమ్మానికి అడ్డం నిలబడింది. మొహాలు పీక్కుపోయాయి, తినకుండా కదలడానికి వీల్లేదంది. నిలబడే చెరో రెండు పెసరట్లు తిన్నాం. ఆ పిల్ల తింటూ కూడా బిళ్ళని ఎడం చేతిలోంచి వదల్లేదు.

మళ్ళీ దువ్వాడ. మళ్ళీ కొయ్యడం, అతికించడం. జిగురు గట్టిపడటానికి హాట్‌ప్లేటు మీద పెట్టాను. కాసేపటికి ల్యాబ్‌లో సన్నగా పెసరట్టు వాసన వచ్చింది. ఇంకా ఆకలి తీరలేదేమో అనుకున్నాను. చూశారా, దేవుడు హింట్ ఇచ్చాడు, నేనే పట్టించుకోలేదు.

ఈసారి రుద్దుడు మొదలెట్టే ముందు ధనం చేత ఒట్టేయించుకున్నాను, నోరు విప్పకూడదని. విప్పలేదు. నేనే ఆగలేక, "అవునుగానీ, ఆ ఎపిడోట్..." అన్నాను.

"సెప్పను. ముందు పని సూడు" అంది.

సాయంత్రం అయిదున్నరకి గింజలు బూడిద రంగుకి వచ్చాయి. చెయ్యి ఎత్తేశాను. ధనం స్లైడు పెట్టి, సరిచేసి, లేచి నిలబడి తన స్టూలు నాకిచ్చింది. "ఇప్పుడు సూడు బాబాయ్. రంగు కోసం కాదు. ఊరికే సూడు."

చూశాను. ఏమని చెప్పను మీకు! బయటి నుంచి చూస్తే మురికి పచ్చరాయి. లోపల ఒక మూల తాటాకు విసనకర్రలు విప్పినట్టు పసుపు, గులాబి, నీలం చారలు. అది ప్రీనైట్ అంది. కింద పళ్ళెం తిప్పుతుంటే ఒక్కో విసనకర్రా ఆరిపోయి మళ్ళీ వెలుగుతోంది. దాని చుట్టూ సిరా ఒలికినట్టు ముదురు నీలం, అది క్లోరైట్. సూదుల్లాంటి పచ్చ పుల్లలు పంపెల్లైట్. ఇంకా అటు పక్క, లావా నాటి పాత గింజల ఆకారాలు అలాగే ఉన్నాయి, లోపలి పదార్థం మాత్రం మారిపోయింది. ఇల్లు అదే, అద్దెకున్నవాళ్ళు మారారన్నమాట. నా కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళుగా ఇన్ని వేల రాళ్ళలో ఇదంతా నా వేళ్ళ కిందే ఉంది. నేను బూడిద రంగు చూసి దింపేశాను.

శుక్రవారం వైవా. వేరే ఊరి నుంచి ఎగ్జామినర్ సార్ వచ్చారు. తల నెరిసిన మనిషి, మెల్లగా మాట్లాడతారు. గైడ్ మేడం పక్కన కూర్చున్నారు. నేను టీలు పట్టుకెళ్ళి, కప్పులు తీసే వంకతో అక్కడే నిలబడ్డాను. ధనం బాగా చెబుతోంది. సార్ స్లైడు చూస్తూ "బాగుంది, బాగుంది" అంటున్నారు. ఉన్నట్టుండి ఆగిపోయారు.

"ఇవేమిటమ్మా? బాదం మధ్యలో, గుండ్రటి చిన్న గింజలు. ప్రతి గింజలోనూ నల్లటి కూడిక గుర్తు తిరుగుతోంది. జియోలైటా?" అన్నారు. మేడం లేచొచ్చి చూశారు. ఆవిడా ఆశ్చర్యపోయారు. "ఇలాంటి రాయిలో ఇలాంటివి నేనెప్పుడూ చూడలేదు. ఇది జియోలైటే అయితే నువ్వు చెప్పిన వేడి తప్పవుతుంది కదమ్మా?" అన్నారు సార్.

ధనం చూసింది. పళ్ళెం తిప్పి చూసింది. నిన్న సాయంత్రం అంచులే చూశాం గానీ, ఆ నడిమధ్యకి ఇద్దరం పోనేలేదు. సార్ ఆశగా చూస్తున్నారు. ఏదో ఒక పేరు చెప్పేస్తే పోయేది. కానీ ఆ పిల్ల తలెత్తి, "నాకు తెలీదు సార్. కానీ ఇది ఈ బంతిలోది కాదు. మిగతా వాటితో పొసగట్లేదు" అంది.

"తెలీదంటే ఎలాగమ్మా? థీసిస్ అంతా దీని మీదే కదా" అన్నారు సార్.

అప్పుడు నాకు హాట్‌ప్లేటు వాసన గుర్తొచ్చింది. కప్పులు బల్ల మీద పెట్టేశాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను.

"సార్," అన్నాను, "అది ఖనిజం కాదండి. పెసరపిండి."

ముగ్గురూ నా వైపు తిరిగారు. గ్రైండరు దగ్గర్నుంచి అంతా చెప్పేశాను. మూడు మిల్లీమీటర్లు, నూకరత్నం, కన్నంలో దూరిన పిండి, కడిగీ కడగని కడుగుడు. సార్ నమ్మలేదు. "నిరూపించగలవా?" అన్నారు. క్యాంటీన్‌కి పరిగెత్తి టీ గ్లాసులో పెసరపిండి పట్టుకొచ్చాను. సార్ స్వయంగా వేలితో గాజు మీద రాసి, గొట్టంలో కన్ను పెట్టారు. చాలాసేపు తల ఎత్తలేదు. వెనక నుంచి చూస్తే భుజాలు కదులుతున్నాయి. కోపమేమో అనుకుని భయపడ్డాను. తల ఎత్తేసరికి ఆయన కళ్ళలో నీళ్ళు, పడీ పడీ నవ్వుతున్నారు.

"రండి, చూడండి! పిండి గింజల్లో కూడా దేవుడు ఎంత అందం పెట్టాడో!" అన్నారు. అందరం వంతుల వారీగా చూశాం. నల్లని ఆకాశంలో చుక్కలన్నీ మెరుస్తున్నట్టు, ఒక్కో చుక్కలో ఒక్కో నల్ల కూడిక గుర్తు. రోజూ అల్లం పచ్చడితో తినేది ఇదా అని నేను నోరు తెరిచి నిలబడిపోయాను.

సార్ ధనం వైపు తిరిగి, "నేను జియోలైట్ అనగానే అవునని ఉంటే ఇవాళ ఇద్దరం కలిసి మునిగేవాళ్ళం. తెలీని చోట తెలీదన్నావు, బంతిలోది కాదని కనిపెట్టావు. ఇంకేం అడగను, పాసయ్యావు పో" అన్నారు. ధనం అప్పుడు ఏడ్చింది. నెలాఖరుకి ముందే సర్టిఫికెట్ చేతికొచ్చింది, మొన్న సోమవారం ఉద్యోగంలో చేరింది.

నాకేమైందంటారా? మేడం తిట్టలేదు. స్లైడు మాత్రం తీసేసుకున్నారు. పిల్లలకి పాఠం చెప్పడానికి పనికొస్తుందని సార్ చెప్పి వెళ్ళారట. పదహారేళ్ళలో నేను అరగదీసిన వేల స్లైడ్లలో డిపార్ట్‌మెంటు అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది ఆ ఒక్కటే. కింద చీటీ నన్నే రాయమన్నారు, రాశాను. నాలుగు పేర్లు. మొదటి మూడూ తయారవడానికి లక్షల ఏళ్ళు పట్టింది. నాలుగోది బుధవారం రాత్రి మా ఆవిడ నానబెట్టింది.